ఆగిపోయిన సీరియలూ, కాచుకున్న కుక్కా

మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున సగం నవల ఒకటుంది. సగం అంటే చిరిగిపోయి సగమైంది కాదు, పుట్టడమే సగం పుట్టింది. నా పెళ్లయిన కొత్తలో ఒక వారపత్రికలో (పేరెందుకు లెండి) వచ్చేదా సీరియల్. వారం వారం పేజీలు జాగ్రత్తగా కత్తిరించి, దబ్బనంతో కుట్టి, పైన పాత క్యాలెండరు అట్ట వేసి దాచుకున్నాను. ఇరవై రెండో వారం కథానాయిక బస్సు దిగి అత్తవారింటి గుమ్మంలో నిలబడింది. ఇరవై మూడో వారం సీరియల్ లేదు. ఇరవై నాలుగో వారమూ లేదు. "అనివార్య కారణాల వల్ల" అన్న ఒక్క ముక్కయినా వెయ్యలేదు వాళ్లు. కార్డు రాశాను. జవాబు లేదు. ఆ పిల్ల ఇప్పటికీ ఆ గుమ్మంలోనే నిలబడి ఉంది. తలుపు తీశారో లేదో నాకు తెలీదు.

మీలో చాలామందికి ఇలాంటి సగం పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. అందుకే, అమెరికా వాళ్లు తీసిన ఒక బొమ్మల సినిమా గురించి మెదక్‌లో కూర్చుని రాస్తూ కూడా, ఇది మనకి పరాయి విషయం కాదనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను. సినిమా పేరు 'బెండర్స్ బిగ్ స్కోర్'. థియేటర్లో ఆడలేదు. 2007 నవంబరు 27న నేరుగా డీవీడీగా వచ్చింది. అది ఆగిపోయిన ఒక టీవీ సీరియల్‌కి మళ్లీ వచ్చిన ప్రాణం.

నా దాకా ఎలా వచ్చిందో చెబుతాను. 2008 డిసెంబరులో మా పెద్దవాడు అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చాడు. డిసెంబరులో మెదక్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1924 క్రిస్మస్ నాడు తెరిచిన మా పెద్ద చర్చిని చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. ఊరంతా బండ్లే. బయటికి వెళ్లాలంటే అడుగు పెట్టేందుకు చోటుండదు. దాంతో సాయంత్రాలు ఇంట్లోనే ఉండిపోయేవాళ్లం. ఒక సాయంత్రం వాడు సూట్‌కేసులోంచి ఒక డిస్కు తీశాడు. అమెరికా డిస్కు మన ప్లేయర్‌లో ఆడదట, వాడి లాప్‌టాప్‌నే బియ్యం డబ్బా మీద పెట్టి చూపించాడు. కింద ఇంగ్లీషు అక్షరాలు వేయించాడు గనక నా బోటిదానికి సుళువైంది. అర్థం కానిచోట వాడు ఆపి చెప్పేవాడు. గంటన్నర సినిమా మూడు గంటలు పట్టింది.

మొన్న ఆ డిస్కే మళ్లీ చూశాను. వాడు వదిలేసి వెళ్లిన ఆ పాత లాప్‌టాప్ మూత తెరిచాక లేవడానికి పావుగంట తీసుకుంటుంది గానీ, లేస్తే మాత్రం పని చేస్తుంది. అప్పుడు నేననుకున్న మాటకీ ఇప్పుడు అనుకుంటున్న మాటకీ కొంచెం తేడా వచ్చింది. ఆ తేడా రాయడానికే ఈ వ్యాసం.

ముందు అసలు సీరియల్ సంగతి. పేరు 'ఫ్యూచరామా'. సృష్టికర్త మాట్ గ్రేనింగ్, 'సింప్సన్స్' అనే బొమ్మల కుటుంబాన్ని ప్రపంచమంతా పరిచయం చేసినాయన. ఆయనకి తోడు నిలిచింది డేవిడ్ కోహెన్. 1999 మార్చి 28న ఫాక్స్ టీవీలో మొదలైంది. కథ చెబితే మీకు వెంటనే ఒక పాత కథ గుర్తొస్తుంది. న్యూయార్కులో పిజ్జాలు అందించే ఫ్రై అనే కుర్రాడు 1999 డిసెంబరు 31 రాత్రి, పొరపాటున మనుషుల్ని గడ్డ కట్టించే పెట్టెలో పడతాడు. లేచి చూస్తే వెయ్యేళ్లు గడిచిపోయాయి. అమ్మా నాన్నా, అన్నా, కుక్కా ఎవరూ లేరు. భాగవతంలో రైవతుడు కూతురు రేవతికి తగిన వరుడెవరో అడుగుదామని బ్రహ్మలోకం వెళ్లి, అక్కడ గానం ముగిసేదాకా కాస్సేపు ఆగి వచ్చేసరికి భూమ్మీద యుగాలే మారిపోతాయి గదా, అదే. తెలిసినవాడొక్కడూ మిగల్లేదు. ఆ రేవతే తర్వాత బలరాముడి భార్య అయింది. 'మాయాబజార్'లో శశిరేఖ తల్లిగా ఛాయాదేవి గయ్యాళితనం మనం చూసి ఎంత నవ్వుకున్నాం! యుగాలు దాటి వచ్చి ముక్కూమొహం తెలీని లోకంలో కాపురం చేసిన పిల్ల అని ఆవిడ గురించి ఎప్పుడైనా జాలిపడ్డామా? నేను మాత్రం పడలేదు. ఫ్రై కథ చూశాక పడ్డాను.

ఫ్రై కొత్త లోకంలో ఒక ముసలి ప్రొఫెసర్ నడిపే సరుకు రవాణా కంపెనీలో చేరతాడు. ఆ ప్రొఫెసర్ వరసకి వీడికి మునిమునిమునిమనవడి లాంటివాడు! తాగుబోతూ దొంగా అయిన బెండర్ అనే రోబో వీడికి గది పంచుకునే స్నేహితుడు. ఓడకి కెప్టెన్ ఒంటికన్ను అమ్మాయి, పేరు లీలా. పేరు విని మన పిల్లేనేమో అనుకున్నాను. ఆ అనుకోవడం మరీ తప్పు కాదు. ఆమె పూర్తి పేరు తురంగ లీలా. ఫ్రెంచి సంగీతకారుడు మెస్సియాన్ ఒక సింఫనీకి సంస్కృతం మాటలతో 'తురంగలీలా' అని పేరు పెట్టాడు, అక్కణ్ణించి తెచ్చుకున్నారు. ఫ్రైకి లీలా మీద ప్రేమ. లీలాకి ఫ్రై మీద జాలి. ఇంతే కథ. మిగతాదంతా అల్లరి.

ఇంత చక్కటి సీరియల్‌ని ఆపిన తీరు చూడండి. ఆదివారం సాయంత్రం ఏడు గంటలకి వేసేవారు. ఆ వేళకి ముందు ఫుట్‌బాల్ ఆట ఉండేది. ఆట సాగితే సీరియల్ ఎగిరిపోయేది. ఎప్పుడొస్తుందో ఎప్పుడు రాదో తెలియనిదాన్ని ఎవరు చూస్తారు? చూసేవాళ్లు తగ్గారు. తగ్గారు కాబట్టి కొత్తవి తియ్యమని చెప్పడం మానేశారు. "ఆపేశాం" అని కూడా ప్రకటించలేదట, ఊరికే కొత్త కథలు అడగడం మానేశారంతే. 2003 ఆగస్టు 10న డెబ్భై రెండో భాగంతో అయిపోయింది. నాకు మా వారపత్రిక గుర్తొచ్చిందంటే రాదా మరి?

కానీ వాళ్ల కథకి మన కథకి లేని అదృష్టం పట్టింది. పాత భాగాలు వేరే ఛానెల్లో అర్ధరాత్రి దాటాక వేస్తుంటే కుర్రకారు నిద్ర మానుకుని చూశారు. డీవీడీ పెట్టెలు కుప్పలుగా కొన్నారు. ఆలోచిస్తే అది మనం చేసిన పనే. పత్రిక చదివి పాత కాగితాలవాడికి వేసేస్తే అది కాలక్షేపం. పేజీలు కత్తిరించి, కుట్టి, బైండు చేయించి అలమారలో పెడితే, "ఇది నాది, మళ్లీ చదువుతాను" అని చెప్పినట్టు. అక్కడ ఆ చెప్పినమాట లెక్కల్లో కనబడింది, డబ్బు పెట్టేవాళ్లకి వినబడింది. మన దబ్బనం కుట్లు ఎవరికి వినబడతాయి? సరే, ఆ అమ్మకాలు చూసి నాలుగు సినిమాలు డీవీడీలుగా తీసి, ఒక్కోదాన్నీ నాలుగు ముక్కలు చేసి కామెడీ సెంట్రల్ ఛానెల్లో పదహారు భాగాలుగా వెయ్యాలని ఏర్పాటైంది. ఆ నాలుగింటిలో మొదటిది ఇది. దర్శకుడు డ్వేన్ కేరీ హిల్, రచన కెన్ కీలర్.

ఇక సినిమా. మొదటి పది నిమిషాలూ కసి. ఉట్టి కసి. కథలో వాళ్ల రవాణా కంపెనీని మూయించింది 'బాక్స్' అనే ఛానెల్ పెద్దలట. ఫాక్స్‌కి బాక్స్, గుప్తంగా దాచిందేమీ లేదు. ఆ పెద్దల్ని చేతకానివాళ్లని ఉద్యోగాల్లోంచి పీకేసి, చావగొట్టి, చివరికి పిండి కొట్టించి డబ్బాలో పోశామని ప్రొఫెసర్ ఆనందంగా చెబుతాడు. రోట్లో పచ్చడి నూరినట్టు నూరేశారన్నమాట. మొదటిసారి చూసినప్పుడు నేను పొట్ట పట్టుకుని నవ్వాను. నా కార్డుకి జవాబివ్వని ఆ సంపాదకుడెవరో కళ్లముందు మెదిలాడు. ఈసారి అంత నవ్వు రాలేదు. నాలుగేళ్ల తర్వాత చుట్టాలింటికి వచ్చినావిడ కాళ్లు కడుక్కోకుండానే పాత గొడవ ఎత్తుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. కూర్చో తల్లీ, ముందు మంచినీళ్లు తాగు, అనాలనిపించింది.

దాని తర్వాత ఇంకో చిక్కు. వెనకటి సీరియల్లో కనబడిన ప్రతివాడినీ మళ్లీ ఒకసారి చూపించాలని ఆరాటపడ్డారు. పెళ్లిలో గ్రూపు ఫొటో తీసేటప్పుడు "ఆ చిన్నత్తనీ పిలవండి, ఆ డ్రైవరునీ నిలబెట్టండి" అంటూ ఫొటోలో మొహాలు ఆవగింజలంత చేసేస్తారే, అలాగ. వాళ్లని ముందే తెలిసినవాళ్లకి అది పండగ. నాబోటి కొత్తదానికి వాడెవడు, వీడెవడు అని అడగడంతోనే సరిపోయింది. అన్నట్టు, బొమ్మల సినిమా గదా అని మనవల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి. బట్టలు కట్టని బీచి ఒకటుంది.

ఆ బీచిలోనే అసలు కథ మొదలవుతుంది. అక్కడున్న ముగ్గురు మోసగాళ్లు అందరి ఈమెయిల్ అడ్రసులూ రాయించుకుని, మీకు బహుమతి వచ్చింది, ఇక్కడ సంతకం పెట్టండి అంటూ ఉత్తరాలు గుప్పిస్తారు. ప్రొఫెసర్ కంపెనీ పోగొట్టుకుంటాడు. ఆఖరికి భూమికి అధ్యక్షుడు కూడా భూమిని సంతకం చేసి ఇచ్చేస్తాడు. 2008లో ఇదంతా నాకు అతిశయంగా తోచింది. చదువుకున్నవాళ్లు అలా సంతకం పెడతారా అనుకున్నాను. ఈ మధ్య మా వీధిలో రిటైరైన మాస్టారొకాయన, ఫోన్లో ఎవడో బ్యాంకువాణ్ణని చెప్పి నంబరు అడిగితే చెప్పేసి పింఛను డబ్బులు పోగొట్టుకున్నారు. ఆయన నలభై ఏళ్లు లెక్కలు చెప్పారు. ఈ ముక్క ఇప్పుడు చూస్తే నవ్వు గొంతులో ఆగింది. హాస్యం పాతబడకపోవడమంటే ఇదే కాబోలు. కాలమే దాని దగ్గరికి నడిచి వచ్చింది.

మోసగాళ్ల చేతికి ఇంకో నిధి కూడా దొరుకుతుంది, కాలంలో వెనక్కి వెళ్లే మంత్రం. అది ఎక్కడ పచ్చబొట్టు పొడిచి ఉందో మర్యాదగల పత్రికలో రాయలేను. ఫ్రై ఒంటి మీదేనని మాత్రం చెబుతాను. మన 'ఆదిత్య 369'లో కాలయంత్రం రాయలవారి దగ్గరికీ తీసుకెళ్లింది, 2504వ సంవత్సరానికీ తీసుకెళ్లింది. ఈ మంత్రానికి ఆ వెసులుబాటు లేదు, వెనక్కే గాని ముందుకి రాదు. అంచేత ఎవరైనా గతంలోకి వెళితే, మళ్లీ ఇప్పటికి రావాలంటే మామూలుగా మనందరం వచ్చినట్టే, రోజుకి ఒక రోజు చొప్పున కాచుకుని రావలసిందే.

ఈ ఒక్క నియమం లోంచే సినిమాలో మంచిదంతా పుట్టింది. మోసగాళ్లు బెండర్‌ని లొంగదీసుకుని, చరిత్రలో విలువైనవన్నీ దొంగిలించుకు రమ్మని పంపుతారు. వాడికేం, రోబో. దొంగిలించడం, ఇంటి కింద గుహలో దూరి వందల ఏళ్లు కూర్చోవడం, వేళకి లేచి పైకి రావడం. పంపిన మరుక్షణం సామాను పట్టుకుని తలుపు తడతాడు. ఎన్నిసార్లు చూసినా నవ్వొచ్చే ముక్క ఇది. ఆ నిరీక్షణకి ఖరీదు లేదు గనకే నవ్వొస్తుంది.

నిరీక్షణకి ఖరీదున్న జీవి వేరే ఉంది. దానికోసం మళ్లీ పాత సీరియల్లోకి వెళ్లాలి.

2002 నవంబరు 17న వచ్చిన భాగమది. ఫ్రైకి వెయ్యేళ్ల తర్వాత తన కుక్క సీమోర్ శిలాజమై దొరుకుతుంది. ప్రొఫెసర్ దాన్ని మళ్లీ బతికించగలనంటాడు. ఫ్రై సంబరపడతాడు. అయితే లెక్క చూస్తే, తను మాయమయ్యాక కూడా ఆ కుక్క పన్నెండేళ్లు బతికిందని తెలుస్తుంది. పన్నెండేళ్లంటే అది నన్నెప్పుడో మరచిపోయి ఉంటుంది, దాని బతుకు అది బతికింది, ఇప్పుడు లేపడమెందుకు అని వద్దంటాడు. ఉదారంగానే వద్దంటాడు. ఆ తర్వాత మనకి మాత్రం చూపిస్తారు. ఆ రాత్రి ఫ్రై పిజ్జా ఇవ్వడానికి వెళుతూ ఇక్కడే ఉండమని చెప్పి వెళ్లాడు. అది ఆ కొట్టు ముందే కూర్చుంది. ఎండ, వాన, మంచు. కొట్టు యజమాని ముసలివాడయ్యాడు. అది కూర్చునే ఉంది. ఒకరోజు కళ్లు మూసుకుంది. అక్కడితో అయిపోతుంది, ఒక్క మాట లేదు. ఆ భాగానికి ఎమ్మీ బహుమతి నామినేషన్ వచ్చింది.

కుక్కని వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ విని పెరిగినవాళ్లం మనం. ఇక్కడ వదిలినవాడికి తను వదిలానన్న సంగతే తెలీదు. అదీ ఆ కథలో కోత.

ఆ భాగం టీవీలో వచ్చినప్పుడు మావాడు అక్కడ చదువుకుంటున్నాడు. మనకి సోమవారం పొద్దున్న, నేను ఇంకా పొయ్యి వెలిగించలేదు, ఫోన్ మోగింది. కార్డులు కొనుక్కుని నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడే రోజులవి. "ఏం కూర చేస్తున్నవమ్మా?" అన్నాడు. గోరుచిక్కుడు అన్నాను. "సరే, ఉంటా" అని పెట్టేశాడు. ఒంట్లో బాగాలేదేమోనని మావారూ నేనూ ఆ రోజంతా గాబరాపడ్డాం. ఆ ఫోన్ ఎందుకు చేశాడో ఆరేళ్ల తర్వాత, లాప్‌టాప్ బియ్యం డబ్బా మీద పెట్టిన రోజున చెప్పాడు.

ఇప్పుడు సినిమాకి వద్దాం. ఫ్రై మోసగాళ్ల నుంచి తప్పించుకోవడానికి తను గడ్డ కట్టిన రాత్రికే, 2000 సంవత్సరం గుమ్మంలోకే పారిపోతాడు. ఏవో తికమకల వల్ల అక్కడ ఇద్దరు ఫ్రైలవుతారు. ఒకడు మళ్లీ పెట్టెలో పడి భవిష్యత్తుకి పోతాడు. రెండోవాడు ఉండిపోతాడు. పిజ్జా కొట్టు మీది వాటాలో కాపురం పెడతాడు. వాడి వెంట సీమోర్. అంటే ఆ కుక్క పన్నెండేళ్లూ ఒంటరిగా కాచుకోలేదు, దాని యజమాని దానితోనే ఉన్నాడు. 2012లో బెండర్ వచ్చి ఆ కొట్టు పేల్చేసినప్పుడు, ఆ వేడికి అది ఉన్నపళంగా శిలాజమైపోయింది.

ఆ రోజు నేను "హమ్మయ్య" అన్నాను. పైకే అన్నాను. కళ్లు తుడుచుకుంటుంటే పక్కింటి పిల్ల లోపలికి వచ్చి, "ఏంది చిన్నమ్మా, బొమ్మల సినిమా చూసుకుంట ఏడుస్తున్నవ్?" అని నవ్వింది. కానీ మావాడికి కోపం. "గట్ల దిద్దితే ముందటి దానికి విలువేముంటదమ్మా? మేమంత బాధపడ్డది ఉత్తదేనా?" అన్నాడు. నీకు కుక్క ఏడిస్తే బాగుండేదా అన్నాను. ఇద్దరం కాస్త గట్టిగానే వాదించుకున్నాం. ముప్ఫై ఏళ్లవాడు, అరవైకి దగ్గరపడుతున్న దాన్ని, ఒక బొమ్మకుక్క గురించి!

మళ్లీ చూశాక, విమర్శగా చెప్పాలంటే, వాడన్నదే రైటు. పాత కథ బలమంతా ఎక్కడుంది? ఫ్రైకి తెలీదు, మనకి తెలుసు. ఆ తెలిసిన బరువు మోసే పని మనమీద పెట్టి కథ వెళ్లిపోయింది. సినిమా వచ్చి, "అయ్యో, మోస్తున్నారా, ఇటివ్వండి" అని దించేసింది. మర్యాదే, కాదనను. కానీ ఆగిపోయిన సీరియల్‌ని మళ్లీ తెచ్చినవాళ్లకి ఇలాంటి మర్యాదే పెద్ద గండం. కాచుకున్నవాళ్లకి ఏం కావాలో అది పెట్టెయ్యాలనిపిస్తుంది. శత్రువుల్ని పిండి కొట్టి పెట్టారు, పాత మొహాలన్నీ తెచ్చి పెట్టారు, ఏడ్చిన చోట కన్నీళ్లు తుడిచిపెట్టారు. ఆకులో అన్నీ తీపి పదార్థాలే వడ్డిస్తే ఎలా?

ఇంత అన్నానా, మరి ఆ కొట్టు మీది వాటా సన్నివేశం నేను మొన్న మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. విమర్శకురాలు ఒకచోట కూర్చుంటే, తల్లి ఇంకోచోట కూర్చుంటుంది. ఇద్దరినీ ఒక చాప మీద కూర్చోబెట్టడం నా వల్ల కావడం లేదు.

అయితే అప్పుడు మా ఇద్దరికీ కనబడనిది ఒకటి ఈసారి కనబడింది. అది లార్స్ సంగతి.

సినిమా మొదట్లోనే లార్స్ అనే కొత్త మనిషి వస్తాడు. బట్టతల, బరువైన గొంతు, నెమ్మదస్తుడు. లీలాకి అతడు నచ్చుతాడు. ఇన్నేళ్లు ఫ్రై కాళ్లావేళ్లా పడినా కరగని లీలా, ఇతడితో పెళ్లిదాకా వెళుతుంది. ఆ లార్స్ ఎవరనుకున్నారు? 2000లో ఉండిపోయిన ఆ రెండో ఫ్రై. పన్నెండేళ్లు అక్కడ బతికి, ఆ పేలుడులో జుట్టు కాలి, గొంతు మారి, అద్దంలో చూసుకుని "లార్స్ అంటే నేనేనా!" అని తెలుసుకుని, మళ్లీ గడ్డ కట్టి లీలా కోసం వచ్చినవాడు. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు మాయాశశిరేఖ అయితే రూపం ఒకటి, మనిషి వేరు. ఇక్కడ తలకిందులు, మనిషి ఒకడే, రూపం వేరు. లీలా ప్రేమించింది కొత్తవాణ్ణి కాదు, ఫ్రైనే. కాకపోతే పన్నెండేళ్లు దిగులు తిని పెద్దవాడైన ఫ్రైని. ఈ ఒక్క ఊహ కోసం మిగతా గందరగోళమంతా క్షమించవచ్చు. ఏ పెళ్లయిన ఆడదాన్నడిగినా చెబుతుంది, ఒక మనిషిలో ఇద్దరు మగవాళ్లుంటారనీ, రెండోవాడు రావడానికి పదేళ్లో పన్నెండేళ్లో పడుతుందనీ. కొందరికి రానే రాడనుకోండి, అది వేరు.

కాలంలో అలా రెండైన మనుషులకి చావు రాసిపెట్టి ఉందని తెలిసిన క్షణంలో, లార్స్ పెళ్లిపందిట్లోంచి లేచిపోతాడు. ఆఖరికి లీలాని కాపాడుతూ మోసగాడితో పాటు తనూ పేలిపోతాడు. ఇక్కడ నాకు రచయిత మీద ఒక ఫిర్యాదుంది. లీలా ఓడ నడిపే కెప్టెన్. ఈ సినిమా ఆవిణ్ణి ఎక్కువసేపు పెళ్లికూతురుగానే చూసింది. ఏడవడం, నవ్వడం, ఇద్దరిలో ఒకణ్ణి ఎంచుకోవడం. అంత పెద్ద నిజం బయటపడ్డాక ఆవిడ ఏమనుకుందో తీరుబడిగా చూపించలేదు. నాలుగు ముక్కలుగా టీవీలో వెయ్యాలి గదా, ఇరవై నిమిషాలకొకసారి ఒక ముడి వెయ్యాలి. బైండు చేసిన సీరియల్లో ప్రతి వారం చివరా ఎవరో ఒకరు కెవ్వుమన్నట్టు, ఈ సినిమాలోనూ ఆ కుట్లు కనబడుతూనే ఉంటాయి.

మావాడికి ఆ రోజు కుక్క కనబడింది. నాకూ కుక్కే కనబడింది. నేను కుక్కవైపు నిలబడి చూశాను, అది మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు లార్స్ వైపు నుంచి చూస్తే, కాచుకున్నదానికి తోడొచ్చినవాడు వెళ్లినవాడు కాదు. వెళ్లినవాడు వెళ్లిపోయే ఉన్నాడు. పెట్టెలో పడి తన మూడువేల సంవత్సరానికి వెళ్లిపోయాడు. వెనక్కి వచ్చి ఉండిపోయినవాడు ఇంకొకడు. అలా ఉండిపోయినందుకు వాడు జుట్టూ గొంతూ పేరూ, చివరికి ప్రాణమూ చెల్లించాడు. అంటే సినిమా కన్నీళ్లు ఊరికే తుడవలేదు. ఆ బరువు మన నెత్తి మీంచి దించి లార్స్ నెత్తిన పెట్టింది. ఈ మాట 2008లో నాకు తట్టి ఉంటే మావాడితో వాదనలో గెలిచేదాన్ని.

ఈ సినిమాకి మరుసటి ఏడాది గృహ వీడియో చిత్రాల్లో ఉత్తమమైనదిగా యానీ బహుమతి వచ్చింది. తర్వాతి మూడు సినిమాలూ 2008, 2009లలో వచ్చాయి. అవీ చూశాను. రెండోదీ మూడోదీ మధ్యలో నిద్రపట్టింది, అంతకంటే చెప్పడానికేమీ లేదు. నాలుగోదాని చివర ఓడలో అందరూ ఎక్కి, ఎక్కడ తేలుతామో తెలియని ఒక సుడిలోకి దూకేస్తారు. మళ్లీ ఆపేస్తారేమోనని భయపడి అలా ముగించారు. ఆపలేదు. 2010లో సీరియల్ మళ్లీ మొదలైంది, 2013లో మళ్లీ ఆగింది, 2023 జూలైలో హులూలో మళ్లీ వచ్చింది. ఇన్నిసార్లు ఆగి ఇన్నిసార్లు వచ్చినదానికి ఇక ముగింపు అంటే బెదురు పోయి ఉంటుంది. నా గుమ్మంలో పిల్ల మాత్రం అలాగే ఉంది.

మొన్న ఆదివారం ఫోన్లో, మళ్లీ చూశానురా, కుక్క విషయంలో నీతో కొంత ఒప్పుకుంటున్నాను, లార్స్ విషయంలో నీకో మాట చెప్పాలి అన్నాను. ఏమిటో చెప్పమన్నాడు. ఫోన్లో కాదు, వచ్చినప్పుడు డిస్కు పెట్టుకుని చెబుతానన్నాను. "డిసెంబర్ల టికెట్లు మస్తు ప్రియమున్నయమ్మా, చూస్తా" అన్నాడు. లాప్‌టాప్ తుడిచి, తీగ చుట్టి, ట్రంకుపెట్టెలో సగం నవల మీదే పెట్టాను.